జొన్నబెండు విమానం

మనవరాలు ఫోన్‌లో యుద్ధవిమానం నడుపుతుంటే నాకు జొన్నబెండు, అదే ఎండిన జొన్నదంటు లోపలి మెత్తటి బెండు, వాసన గుర్తొచ్చింది. మీకూ గుర్తుందా, బెండుకు ఈనెలు గుచ్చి విమానాలు చేసేవాళ్ళం? మా తాండూరు ఇంట్లో చేసేది నేను, ఎగరేసేది అన్న. "ఆడపిల్లవు, ఇరగ్గొడ్తవ్" అనేవాడు.

"అత్తమ్మా, గీ ఆట పిల్లకు మంచిదేనా?" అని కోడలు అడిగింది.

"కాదు. కండ్లు పోతయ్. కూలిన విమానంల మనుషులుండరా?" అన్నాను. భయం నిజమే, కానీ కడుపుమంట అంతకంటే ఎక్కువ. ఆరేళ్ళ పిల్లకు అడగకుండానే ఆకాశమంతా దొరికింది!

"నాయనమ్మా, నువ్వు నడుపు" అని పిల్ల ఫోన్ నా చేతిలో పెట్టింది. పట్టుకోగానే నా విమానం కూలింది. "ఏం కాదు, అండ్ల ఎవ్వరు లేరు. మళ్ళ లేస్తది" అంది.

కోడలితో మాట మార్చాను. "ఆడనియ్యి. జరసేపే, నా పక్కన కూసోనే ఆడాలె. ఒకసారి దాని వంతు, ఒకసారి నా వంతు."