తోడొచ్చిన పిల్ల

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి వానాకాలంలో నన్ను హైదరాబాదు కార్యాలయం నుంచి విజయనగరం పంపించారు. హోదా పేరు ప్రాంతీయ అడ్వకసీ అధికారి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు నా పరిధి. పిల్లల ఆరోగ్యానికి సంబంధించిన ప్రభుత్వ విధానాలను మార్పించడం మా సంస్థ పని. అంటే మేం మందులివ్వం, పాలు పొయ్యం, తూకం వెయ్యం. ఆ పనులు చేయవలసినవాళ్లకి, చేయవలసింది మీరేనని మర్యాదగా, రంగుల కాగితం మీద గుర్తుచేస్తాం. దాన్నే అడ్వకసీ అంటారు.

మా ఇంటి యజమానికి ఆ మాట సగమే వినపడి నన్ను వకీలనుకున్నాడు. నెల్లిమర్ల దగ్గర ఆయనకో గట్టు తగాదా ఉంది. వకీల్ని కాదంటే, "మరేటి సేస్తారండి మీరు?" అన్నాడు. వివరంగా చెప్పాను. శ్రద్ధగా విని, "ఓహో, అయితే మీరూ వాయిదాల మీదే బతుకుతన్నారన్నమాట" అన్నాడు. నా ఉద్యోగాన్ని అంతకంటే బాగా ఎవరూ నిర్వచించలేదు.

నాకు అప్పగించిన మొదటి విషయం పోషకాహార పునరావాస కేంద్రాలు. ఆసుపత్రుల్లో వీటిని ఎన్నార్సీ అంటారు. ఐదేళ్ల లోపు పిల్లల్లో బాగా చిక్కిపోయినవాళ్లని గుర్తించి ఇక్కడ చేరుస్తారు. గుర్తించడానికి భుజం చుట్టూ ఒక రంగుల పట్టీ వేస్తారు. కొలత ఎరుపులో పడితే ప్రమాదం. చేర్చుకున్నాక రెండు వారాల పాటు చక్కెర, నూనె కలిపిన పాలు వేళ తప్పకుండా కొద్దికొద్దిగా పట్టి, మెల్లగా తిండిలోకి దించుతారు. మొదట్లోనే కడుపు నిండా పెడితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే బిడ్డ ఆసుపత్రిలోనే ఉండాలి, తల్లి పక్కనే ఉండాలి.

మంచి పథకమే. మంచాలూ, పాలూ, గోడల మీద ఏనుగు బొమ్మలూ అన్నీ ఉన్నాయి. తల్లులే మధ్యలో వెళ్లిపోయేవారు. వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్లిపోయినవాళ్లని ఆసుపత్రి భాషలో 'లామా' అంటారు. ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపిన పేరది. పై అధికారులు సమీక్షల్లో "మీ దగ్గర లామాలు ఎక్కువయ్యారు" అని కోప్పడుతుంటే, తెలియనివాళ్లు ఈ జిల్లాలో బౌద్ధం పుంజుకుందనుకోవాలి. తల్లులకు అవగాహన లేదని సమీక్షల్లో తేల్చారు. అవగాహన కలిగించడానికి గోడమీద ఇంకో ఏనుగుని వేయించారు.

నేను తరచు వెళ్లిన ఎన్నార్సీకి ఇన్‌చార్జి డాక్టర్ సుజాత. పిల్లల వైద్యురాలు. మాట కరుకు, చెయ్యి మెత్తన. ఒకరోజు నేను వెళ్లేసరికి ఆవిడ వార్డు గుమ్మంలో ఒక తల్లితో వాదిస్తోంది. ఆ తల్లి పేరు పైడమ్మ. శృంగవరపుకోట అవతల కొండవార ఊరు. చంకలో రాంబాబు, ఏడాది దాటినవాడు, తలే బరువన్నట్టు తల్లి భుజం మీద వాలి ఉన్నాడు. కొంగు పట్టుకుని నాలుగేళ్ల కూతురు గౌరి.

"ఇప్పుడిప్పుడే పాలు నిలుస్తున్నాయి. ఇప్పుడు తీసుకెళ్తే వీడు దక్కడు, పైడమ్మా" అంది డాక్టరు.

"నానేటి సేసీదమ్మా? దీన్ని వోర్డులో ఉంచకూడదంటన్నారు. నా పెనిమిటి సెన్నైలో మేస్త్రీ పని. మా అత్తకి సూపానదు. ఇంటెనకాల కాలవ. సిన్నోడు దక్కాలని పెద్దదాన్ని కాలవకి ఒగ్గీమంటారేటి?"

నిబంధన ప్రకారం మంచానికి ఒక రోగి, ఒక సహాయకురాలు. ఆహార పట్టికలో ఆ ఇద్దరికే లెక్క. వెంట వచ్చిన రెండో పిల్ల ఆ పట్టికలో లేదు కాబట్టి వార్డులోనూ లేదు. పైడమ్మ తనకిచ్చిన అన్నంలోనే కూతురికి పెట్టి, రాత్రిళ్లు మంచం కింద పడుకోబెట్టేది. తనిఖీలో బయటపడింది. ఆ రోజు మధ్యాహ్నం బస్సుకి ఆమె వెళ్లిపోయింది. రాంబాబు లామా అయ్యాడు.

ఆ పిల్లని ఉండనిస్తే ఏమవుతుందని డాక్టర్ని అడిగాను. "ఏమీ కాదు. నాకో మెమో వస్తుంది. వచ్చినా పరవాలేదు, నా తర్వాత వచ్చే డాక్టరు భయపడి ఇంకెవర్నీ ఉంచదు. మీరు విధానాలు మార్చేవాళ్లు కదా, ఒక ఉత్తర్వు తెప్పించండి. మిగతాది నేను చూసుకుంటాను" అంది.

నేను మా డైరెక్టరుకి రెండు వాక్యాలు రాశాను. ఎన్నార్సీలో తల్లి వెంట వచ్చిన చిన్నపిల్లల్ని ఉండనివ్వాలి. వాళ్లకీ భోజనం పెట్టాలి. ఇంతే.

మా డైరెక్టరు గారికి రెండు వాక్యాలంటే గిట్టదు. అది అడ్వకసీ కాదు, ఫిర్యాదు అన్నారు. ముందు అధ్యయనం, తర్వాత విధాన పత్రం, ఆ తర్వాత రాష్ట్రస్థాయి సంప్రదింపుల సమావేశం, చివర్న సిఫారసు. ఇదీ క్రమం. నా రెండు వాక్యాలూ ఢిల్లీ వెళ్లి, అక్కడి నిపుణుల చేతిలో లావెక్కి, చలికాలానికి ఒక నున్నటి పుస్తకమై తిరిగొచ్చాయి. పిల్లలు చిక్కిపోతున్నారన్న పుస్తకం అంత బరువు తూగడం ముచ్చటగా ఉంది. అట్ట మీద ఒక పాప నవ్వుతోంది. ఆ పాప మన దేశపు పాప కాదని అచ్చయ్యాక తెలిసింది. ఉండనివ్వాలి, భోజనం పెట్టాలి అన్న ముక్కలు ఎక్కడున్నాయా అని వెతికితే, అనుబంధంలో దొరికాయి.

ఈలోగా రాంబాబుకి భుజం పట్టీ ఎరుపులోనే ఉంది. ఊళ్లో ఆశా కార్యకర్త కబురు చెబుతూనే ఉంది. మళ్లీ చేర్పించమని పైడమ్మకి చెప్పడానికి నేనూ వెళ్లాను. ఆమె నన్ను చూడగానే, "ఇప్పుడు పెద్దదాన్ని ఉండనిస్తన్నారేటి సారూ?" అంది. ఇంకా లేదన్నాను. "అయితే మీరొచ్చిన పనేటి?" అంది.

వచ్చిన పని ఇంకొకటి కూడా ఉంది. విశాఖలో జరిగే సమావేశంలో ఒక తల్లి తన అనుభవం చెబితే బాగుంటుందని డైరెక్టరు గారి సూచన. ఆరోగ్య శాఖ కార్యదర్శి వస్తారు. ఉత్తర్వు మీద సంతకం పెట్టవలసినవాడు ఆయనే. ఈ సంగతి ఉన్నదున్నట్టు పైడమ్మకి చెప్పాను. ఆమె, "ఆ బాబు సంతకం ఎడితే అవుతాదా?" అని అడిగింది. అవుతుందన్నాను. "అయితే వస్తాను. సెప్పీదేటుంది, జరిగిందే సెప్తాను. పిల్లలిద్దర్నీ తెస్తాను మరి" అంది. తీసుకురమ్మన్నాను. ఇద్దరి పేర్లూ ఆఫీసుకి పంపాను.

సమావేశం సముద్రం ఎదుట ఒక పెద్ద హోటల్లో. శృంగవరపుకోట నుంచి కారులో తల్లీపిల్లల్ని నేనే తీసుకెళ్లాను. కొత్తవలస దాటేదాకా గౌరి కిటికీ వదల్లేదు. హోటలు గుమ్మంలో చల్లటి గాలి మొహాన కొట్టేసరికి ఆ పిల్ల, "అమ్మా, వాన కురుస్తాదేటి నోపల?" అంది.

మెడలో వేసుకునే పేరుపట్టీలు బల్లమీద వరసగా పెట్టారు. పైడమ్మ పట్టీ మీద ఆమె పేరు లేదు, 'సమాజ గళం' అని ఉంది. ఏర్పాట్లు చూసే అమ్మాయి రాంబాబుని చూసి, బాబు పర్లేదు, కేసు కదా అంది. గౌరిని చూసి జాబితా తిరగేసింది. పంపిన పేర్లలో ఒకటి ఎక్కడో కత్తిరింపుకి గురైంది. "సారీ సర్, పిల్లలు హాల్లో అలౌడ్ కాదు. డ్రైవర్ల గదిలో కూర్చోబెట్టొచ్చు" అంది. ఆ అమ్మాయి వెనక బ్యానరు మీద 'ఏ బిడ్డా బయట మిగలకూడదు' అని అచ్చ తెలుగులో ఉంది.

పైడమ్మకి చదువు రాదు. బ్యానరు సంగతి ఆమెకి తెలియదు. కాని అమ్మాయి మాట అర్థమైంది.

"ఇక్కడా అదే మాటేనేటి?" అంది నాకేసి చూసి. తర్వాత పట్టీ తీసి బల్లమీద పెట్టి, హాలు తలుపు పక్కన, ఎర్ర తివాచీ మీద చతికిలబడింది. రాంబాబుని ఒళ్లో వేసుకుంది, గౌరిని పక్కన కూర్చోబెట్టుకుంది.

లోపల 'కుటుంబ కేంద్రిత వైద్యం' మీద ప్రసంగం నడుస్తోంది. డైరెక్టరు గారు కంగారుగా బయటికొచ్చారు. కార్యక్రమం ప్రకారం తర్వాతి వక్త పైడమ్మే.

"ఐదు నిమిషాలమ్మా. పాపని మావాళ్లు చూసుకుంటారు."

"ఆసుపత్రిలో కూడా ఇలాగే సెప్పినారు బాబూ. దాన్నొగ్గి నాను రాను."

తలుపు తీసి ఆ పిల్లనీ రానిద్దాం, ఏం మునిగిపోతుంది అన్నాను నేను. వేదిక దగ్గర పిల్ల ఏడిస్తే రికార్డింగు పాడవుతుందన్నారాయన. చిన్నపిల్లల గురించి పెట్టిన సభలో చిన్నపిల్ల ఏడిస్తే అంతకంటే సందర్భశుద్ధి ఏముంటుందని అన్నాను. మా గొంతులు కాస్త పెరిగాయి. ఆ పిల్ల ఏడవనే లేదు. నేనిచ్చిన బిస్కట్లలో ఒకటి తింటూ, ఒకటి తడిపి తమ్ముడి నోటికి పెడుతోంది.

అప్పుడే లిఫ్టు తెరుచుకుంది. కార్యదర్శి గారు, వెనక ఇద్దరు అధికారులు, వాళ్ల వెనక ముగ్గురు నలుగురు విలేకరులు, కెమెరాలు. తలుపుకి వెళ్లే దారిలో ఈ ముగ్గురూ. పూలగుత్తి ఇవ్వబోయిన మా డైరెక్టరు గారికి పైడమ్మ అడ్డం. కార్యదర్శి గారు ఆగి, ఎవరమ్మా మీరు, ఇక్కడ కూర్చున్నారేం అని అడిగారు.

ఆమె లేవలేదు. "నోపల సెప్పడానికి నన్ను పిలిసినారు బాబూ. నా గుంటని రానివ్వకూడదంటన్నారు. ఆసుపత్రిలో ఇదే అయినాది. అందుకే వీణ్ణి సగం మందులో ఎత్తుకు ఎలిపోనాను. సూడండి ఎలాగున్నాడో." రాంబాబు చేతిని పైకెత్తి చూపించింది. చెయ్యి వదలగానే అది ఒళ్లో పడిపోయింది.

కెమెరాలు ఆ చేతినీ, తర్వాత కార్యదర్శి గారి మొహాన్నీ తీశాయి. ఆయన అనుభవజ్ఞుడు. ఏం చేయాలో తెలుసు. వంగి గౌరి చెయ్యి పట్టుకుని లోపలికి నడిచారు. తన పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. పైడమ్మ మైకు ముందు జరిగింది చెప్పింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. కార్యదర్శి గారు మా పుస్తకాన్ని ఆవిష్కరించారు గాని, తెరవలేదు. వెంట వచ్చిన పిల్లల్ని ఉండనివ్వమనీ, భోజనం పెట్టమనీ ఉత్తర్వు ఇస్తానని కెమెరాల ముందు చెప్పారు. నా రెండు వాక్యాలూ ఆయన నోట అనుబంధం లేకుండానే వచ్చాయి.

మరునాడు పేపర్లలో గౌరి ఫోటో పడింది. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వ భాషలో ప్రతి మాటా ముఖ్యమే. 'ఉండనివ్వాలి' అనవలసిన చోట 'ఉండనివ్వవచ్చు' అని పడింది. డాక్టర్ సుజాత ఆ 'వచ్చు'ని 'తీరాలి' అని చదువుకుని, రెండో మంచం వేయించి, పైడమ్మకి కబురు పంపింది. రాంబాబు ఈసారి రెండు వారాలూ ఉన్నాడు. పట్టీ పసుపులోకి వచ్చాక ఇంటికి వెళ్లాడు. పక్క జిల్లాలో ఒక సూపరింటెండెంటు మాత్రం 'వచ్చు' అంటే 'అక్కర్లేదు' అని చదువుకున్నాడు. అక్కడ లామాలు ఎప్పటిలాగే వెళ్లిపోయారు.

మా వార్షిక నివేదికలో ఈ విజయానికి ఒక పేజీ ఇచ్చారు. లబ్ధిదారు కుటుంబాన్ని ప్రవేశ ద్వారం వద్ద వ్యూహాత్మకంగా కూర్చోబెట్టడం మా సంస్థ చేపట్టిన వినూత్న పద్ధతి అని అందులో ఉంది. మా డైరెక్టరు గారు ఆ పద్ధతి మీద జైపూరులో ఉపన్యసించి వచ్చారు. నేను ఆ 'వచ్చు'ని 'వలెను' చేయించమని రాసిన కాగితానికి, ముందు అధ్యయనం కావాలని జవాబొచ్చింది.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా చాలా సమావేశాలు ఏర్పాటు చేశాను. పుస్తకాలు చదివి ఉత్తర్వులిచ్చే అధికారి నాకు తారసపడలేదు. ఎదుట కూర్చున్న మనిషిని దాటి వెళ్లలేక ఇచ్చినవాళ్లని చూశాను. అందుచేత ఏ హాలు మాట్లాడినా, వేదిక ఎటుందో తర్వాత చూసేవాణ్ణి. అధికారులు వచ్చే దారి ఎంత ఇరుకుగా ఉందో ముందు చూసుకునేవాణ్ణి.