నేను పెట్టిన ఎర్రచుక్కలు

మెకానిక్కులంటే నాకు నమ్మకం లేదు. అది దాచుకునే మాట కాదు. ఓసారి మా బోరు మోటారు కాలిపోతే రీవైండింగుకి ఇచ్చాం. ఇచ్చినప్పుడు లోపల ఉన్నది రాగి తీగ. తిరిగొచ్చిన రెండు నెలలకే మళ్ళీ కాలింది. విప్పి గోరుతో గీకి చూస్తే పైన రాగి రంగు, లోపల అల్యూమినియం. ఆ రోజు నుంచి నా చేతిలోంచి ఏ సామాను బయటికెళ్ళినా దాని మీద నా గుర్తు ఉండాల్సిందే.

గుర్తు పెట్టడం మా కడియం నర్సరీల్లో అందరికీ అలవాటే. దూరం వెళ్ళే లారీలో నాలుగైదు నర్సరీల మొక్కలు కలిపి ఎక్కిస్తారు. దింపేచోట ఎవరివి ఎవరివో తెలియాలి కదా, అందుకని ఎవరి మొక్కల కవర్ల మీద వాళ్ళ రంగు చుక్క పెడతారు. పక్కవాళ్ళది పసుపు, కాలవ అవతలి వాళ్ళది నీలం, మాది ఎరుపు. చదువు రాని రోజుల్లో నేను చదవగలిగిందల్లా ఆ చుక్కలే. అక్షరాలు నలభై ఆరో ఏట చర్చిలో నేర్చుకున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరయ్యగారి భార్య ఆడవాళ్ళని చాప మీద కూచోబెట్టి పలక మీద దిద్దించేవారు. ఇప్పుడు పేపరు చదువుతాను, ఈ రాత కూడా నేనే రాస్తున్నాను. అయినా నా కన్ను ముందు రంగుని చూస్తుంది, తరవాతే అక్షరాన్ని చూస్తుంది.

కిందటేడు వేసవి సంగతి ఇది.

మా తోట చివర కాగితంపూల చెట్టు ఒకటుంది. ముదురు గులాబీ రంగు, ప్రతి వీధిలో ఉండే రకమే. దానికి ఒక్క కొమ్మ మాత్రం వేరేగా వచ్చింది. ఆకు అంచున తెల్లటి గీత, పువ్వేమో లేత పసుపు, కొనల్లో కాస్త గులాబీ. అలాంటి కొమ్మ తనంతట తాను పుడుతుంది. మళ్ళీ పుడుతుందని ఎవరూ చెప్పలేరు. నేను ఎవరికీ చెప్పకుండా ఆ కొమ్మని మొదలంటా కోసి, అరవై ముక్కలు చేసి, ఇసకలో గుచ్చాను. కోసిన చోట మళ్ళీ అదే రకం చిగురేస్తుందని ఆశపడ్డాను. వేసింది, పాత గులాబీదే. అంటే ఈ భూమ్మీద ఆ రకం ఉన్నది ఆ అరవై ముక్కల్లోనే.

వాటిని మిస్ట్ షెడ్డులో పెట్టాను. మూడు పక్కలా పాలిథీను, ఒక పక్క గోడ, పైన సన్న గొట్టాలు. ఐదు నిమిషాలకోసారి పది సెకన్లు మంచులా తుంపర పడుతుంది. వేరు వేసేదాకా కొమ్మకి ఆ తుంపరే ప్రాణం. ఆగితే ఎండిపోతుంది, ఆగకుండా పడితే కుళ్ళిపోతుంది. ఎప్పుడు వదలాలో ఎప్పుడు ఆపాలో చూసేది గోడకున్న పెట్టెలో అరచెయ్యంత సర్క్యూట్ బోర్డు.

షెడ్డుకి తాళం వేశాను. పనిలోకొచ్చే ఆడవాళ్ళకి పురుగుమందు కొట్టామని చెప్పాను. మా నర్సరీల్లో పూలు కోసుకుపోతే ఎవరూ పట్టించుకోరు గానీ కొమ్మ ముక్క ఒకటి జాకెట్లో దాచుకెళ్తే ఏడాది తిరిగేసరికి అదే మొక్క పక్కవాడి లారీలో ఉంటుంది. లోపలికి మా ఆయన, నేను తప్ప ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు.

"తాళంచెవి మెళ్ళో సిలువ పక్కన కట్టుకున్నావేంటే? పరలోకానికి కూడా పట్టుకెళ్తావా?" అనేవాడు మా ఆయన.

"మీకిస్తే టీ కొట్టు దగ్గర మర్చిపోతారు" అనేదాన్ని.

రోహిణి కార్తె మొదలైన మూడో రోజు పొద్దున్న షెడ్డు తలుపు తీసేసరికి కమురు వాసన. తుంపర లేదు. పెట్టె తెరిస్తే బోర్డు ఒక మూల నల్లగా మసిబారి ఉంది. నా మొదటి అనుమానం పక్క నర్సరీ అతని మీదికి పోయింది. ముందురోజే కంచె దగ్గర నిలబడి "ఏంటండీ తాళాలు? లోపల బంగారం పండిస్తున్నారా?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

పంపుకి వైరు నేరుగా తగిలించి, మా ఆయన్ని స్విచ్చు దగ్గర స్టూలేసి కూచోబెట్టాను. పది లెక్కపెట్టేదాకా వెయ్యాలి, గడియారంలో ఐదు నిమిషాలు ఆపాలి. నేను బోర్డు విప్పి బల్ల మీద పెట్టి, కవర్లకి వాడే ఎర్ర పెయింటు డబ్బా తెరిచి, అగ్గిపుల్ల కొనతో దాని మీదున్న ప్రతి ముక్కకీ ఒక చుక్క పెట్టాను. కాలినవాటిక్కూడా పెట్టాను. ఏది కాలిందో చెప్పాల్సింది మెకానిక్కు, చెప్పేది నిజమో కాదో చూసుకోవాల్సింది నేను. కొన్ని ముక్కలు వడ్లగింజంత కూడా లేవు. నా చెయ్యేమో కవర్ల మీద చుక్కలు పెట్టే చెయ్యి. ఎండలో పెడితే పావుగంటలో ఆరిపోయింది.

రాజమండ్రి స్టేషన్ వైపు ఒక సందులో చిన్న కొట్టు ఉంది. మెకానిక్కుకి నలభై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, బోర్డుని ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాడు.

"ఏంటి బాబూ, పులుసు కూరలా వాసన చూస్తున్నావు?"

"వాసన ఎక్కడ గట్టిగా ఉంటే అక్కణ్ణించి వెతకాలండి" అన్నాడు. తరవాత భూతద్దం కింద పెట్టి, సన్న పట్టకారుతో నల్లటి పుల్లలాంటిది ఒకటి లాగాడు. "చూడండమ్మగారూ, బల్లిపిల్ల. ఈ రెంటి మధ్యా అడ్డంగా పడి మాడిపోయింది. దాంతోనే ఇవీ కాలిపోయాయి."

"బల్లి దానంతటదే దూరిందా, ఎవరైనా వేశారా?"

"బల్లిని పట్టుకొచ్చి మీ పెట్టెలో వేసేంత తీరిక ఎవరికుందండీ?"

నాకు తెలిసినవాళ్ళకి ఉంది.

మీటరు ముళ్ళు రెండూ ఒక్కో ముక్క కాళ్ళకి ఆనించుకుంటూ వెళ్ళాడు. "ఇది బానే ఉంది. ఇదీ బానే ఉంది. ఈ ట్రాన్సిస్టరు పోయింది. దీని పక్కన రెసిస్టరు కూడా పోయింది." అంతలో ఆగి, "ఈ ఎర్రచుక్కలేంటండీ?" అన్నాడు.

"కంపెనీవాళ్ళు పెట్టారేమో" అన్నాను.

"ఆఁ, చెకింగ్ అయ్యాక పెడుతుంటారు లెండి" అని మళ్ళీ వంగాడు.

కాలిన రెసిస్టరు ఒంటి చుట్టూ సన్నటి రంగు చారలున్నాయి. ఒక వైపు బొగ్గయింది, ఇంకో వైపు మిగిలింది. "లోపల తెగిపోయింది గనక దీని విలువ మీటరు చెప్పదండి. ఇంక చారలే చెప్పాలి. పసుపు, ఊదా, ఎరుపు" అని గొణుక్కుంటూ, చిన్న చిన్న సొరుగుల్లో వెతికి కొత్తది తీశాడు. రంగులు చదివే మనిషని ఒక్క క్షణం మెత్తబడ్డాను. మోటారు కట్టినవాడు కూడా చూడ్డానికి మంచివాడే కదా అని మళ్ళీ బిగుసుకున్నాను.

టంకం కరిగించి పాతవి పీకాడు, కొత్తవి అతికించాడు. నేను రెప్ప వెయ్యలేదు.

"తీసినవి నాకిచ్చెయ్యి."

"కాలిపోయినవి ఏం చేసుకుంటారండీ?"

"దాచుకుంటాను."

"మా అమ్మా అంతేనండి, అయిపోయిన మందుబిళ్ళల అట్టలు కూడా పారెయ్యదు" అని కాగితంలో చుట్టి ఇచ్చాడు. కొంగున ముడేసుకున్నాను. బల్బు తగిలించి బోర్డుని నాలుగైదు సార్లు ఆడించి చూపించాడు. బయటికొచ్చి వెలుగులో చుక్కలన్నీ చూసుకున్నాను. మార్చిన రెండూ తప్ప ఏ ముక్క మీదా చుక్క చెదరలేదు. నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఇంతకంటే తెలివిగా ఏదో చేసుంటాడనిపించింది.

తిరిగొచ్చేసరికి మా ఆయన షెడ్డులో స్టూలు మీదే గోడకానుకుని నిద్రపోతున్నాడు, స్విచ్చు వేసే ఉంది. నీళ్ళు పల్లానికి దిగి చివరి వరస ఇసకంతా చిత్తడి.

"పది లెక్కపెట్టమన్నానా లేదా?"

"పెట్టానే. ఏడు దాకా గుర్తుంది."

పనివాళ్ళలో ఒక్కరిని తోడు కూచోబెట్టి వెళ్ళుంటే ఇలా జరిగేది కాదు. అది ఆయన అనలేదు. నాకే తెలుసు.

బోర్డు బిగించాం. సాయంత్రం దాకా బాగా ఆడింది. మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటుండగా పంపు చప్పుడు ఆగిపోయింది. వెళ్ళి చూస్తే అదే మూల, అదే వాసన. ఆ ఎండకి నేను చూస్తుండగానే ఆకులు వాలిపోతున్నాయి. మా ఆయన పరుగున వెళ్ళి, పంపుకి మళ్ళీ నేరుగా వైరు తగిలించి స్విచ్చు పట్టుకున్నాడు. నేను ఫోను అందుకున్నాను.

"ఏమయ్యా, పాత ముక్కలు వేసి పంపించావు కదూ?"

"అమ్మగారూ, ఇరవై ఏళ్ళ నుంచి ఇదే పనండి. ఆ మాట నన్నెవరూ అనలేదు. బోర్డు తీసుకురండి, చూస్తాను."

"మళ్ళీ నీ చేతికి పంపను. నువ్వే రా. నా కళ్ళ ముందు చెయ్యి."

వస్తాడనుకోలేదు. గంటన్నరలో మోపెడ్ మీద వచ్చాడు, సంచి భుజానేసుకుని, మొహం మాడ్చుకుని. బోర్డు పెట్టె లోపలే ఉంది గనక తాళం తీసి లోపలికి రానివ్వక తప్పలేదు. ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడనివ్వని కొమ్మలకి నేను అడ్డంగా నిలబడ్డాను. అతను అటువైపు చూడనే లేదు.

"కొత్త రెసిస్టరూ మాడింది, కొత్త ట్రాన్సిస్టరూ పోయింది" అన్నాడు, నాతో కాదు, తనలో తను. "ఎందుకు పోవాలి? పసుపు, ఊదా, ఎరుపు. అదే వేశాను."

"అది నువ్వంటున్నావు."

"నిన్న తీసింది మీ దగ్గరే ఉంది కదండీ. తియ్యండి, మీరే చూడండి."

కొంగుముడి విప్పాను. అతను ఆ ముక్కని అరచేతిలో పెట్టుకుని భూతద్దం నాకిచ్చాడు. "చదవండి. మొదటిది పసుపు. రెండోది ఊదా. మూడోది?"

చూశాను. ఎరుపే. కానీ మిగతా చారలు గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. ఆ ఎరుపు మాత్రం ఒక పక్కకి జారి, అంచున చిన్న తోకలా సాగింది. అగ్గిపుల్ల కొన ఎత్తినప్పుడు వచ్చే తోక అది. ఎన్ని వేల కవర్ల మీద చూశానో.

అతను అప్పటికే సంచిలోంచి అలాంటిదే ఇంకొకటి తీసి పెట్టుకున్నాడు. ఇస్త్రీపెట్టెలా వేడెక్కే ఆ టంకం కడ్డీ పొగ వదులుతోంది. నేను నోరు మూసుకుంటే అతను మళ్ళీ అదే వేస్తాడు. రేపు మళ్ళీ కాలుతుంది. తప్పు అతనిదే అవుతుంది, నా మాట నిలబడుతుంది. వెనకాల మా ఆయన "ఐదు, ఆరు" అని లెక్కపెడుతున్నాడు. అంచున తెల్లగీత ఉన్న ఆకులు దొన్నెల్లా ముడుచుకుంటున్నాయి.

"ఆగు బాబూ" అన్నాను. "ఆ ఎరుపు కంపెనీది కాదు. నాది."

అతనికి అర్థం కాలేదు. చెప్పాను. లారీ, కవర్లు, మోటారు, అగ్గిపుల్ల, అన్నీ. నిన్న అడిగినప్పుడు అబద్ధమాడానని కూడా చెప్పాను. అతను బ్లేడు తీసి ఆ ఎరుపుని గీకాడు. కింద నారింజ రంగు చార బయటపడింది.

"నారింజైతే దీని విలువ పదింతలండి" అన్నాడు. "ఎరుపనుకుని నేను పదోవంతు వేశాను. పక్కనున్న ట్రాన్సిస్టరు మీదికి కరెంటు అంతా తోసుకొచ్చింది. ఒక రోజు ఓర్చుకుందంటే గొప్పే."

"పది!" అని స్విచ్చు కట్టేసి మా ఆయన ఇటు తిరిగాడు. "ఇంతకీ దొంగ దొరికాడా?"

"దొరికారండి. మీ ఇంట్లోనే ఉన్నారు" అన్నాడు మెకానిక్కు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను నవ్వలేదు.

సరైనదీ, ఇంకో ట్రాన్సిస్టరూ అతికించాక బ్లేడు నా చేతికిచ్చాడు. "చారలున్న ముక్కలన్నిటి మీదా మీ చుక్కలు మీరే గీకండి. రేపు ఇంకొకడు చదవాలి కదా." స్కూలు పిల్లలా కూచుని గీకాను. గీకుతుంటే అన్నాడు, "మీరు అనుమానపడ్డారని కాదండి నా బాధ. అడిగినప్పుడు చెప్పుంటే నిన్ననే అయిపోయేది." కాలిన ముక్క ఇమ్మని పట్టుబట్టానే, ఆ అనుమానమే కదా ఇవాళ దారి చూపించింది అని లోపల ఒక మాట తిరిగింది. అది పైకి అనే మొహం లేదు.

తుంపర మొదలైంది. అతను సంచి సర్దుకుంటూ అప్పుడు చూశాడు కొమ్మలవైపు. "ఇవేంటండీ?"

"కాగితంపూలు."

"మా ఇంటి ముందూ ఉందండి" అని మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయాడు.

అరవైలో పంతొమ్మిది వేరు వేశాయి. చిత్తడైన వరసంతా కుళ్ళింది, మధ్యాహ్నం ఎండకి వడిలినవి చాలావరకు రాలాయి. పోయినవాటిలో బల్లి చంపినవి ఎన్నో నేను చంపినవి ఎన్నో తేల్చుకోలేదు. తేల్చుకుంటే నాకే బాగోదు.

వానలు పడ్డాక ఒక మొక్క కవరులో పెట్టి రాజమండ్రి తీసుకెళ్ళాను. అతను కళ్ళజోడు పైకి తోసి ఆకు అంచు చూశాడు, తరవాత కవరు మీద చూశాడు.

"ఈ ఎర్రచుక్క?"

"నేనే పెట్టాను" అన్నాను. "మొక్క నీది. కొమ్మ మాత్రం కోసి ఎవరికీ ఇవ్వకు."

ఇవ్వనన్నాడు. కొట్టు ముందు సిమెంటు తొట్టెలో వేశాడు. ఇప్పుడు నడుమెత్తు పెరిగింది. రాజమండ్రిలో పనుంటే ఆ సందులోంచే వెళ్తాను. పలకరిస్తాను, టీ ఇస్తే తాగుతాను. వచ్చేటప్పుడు కొమ్మలు లెక్కపెట్టుకుని వస్తాను.