వియ్యంకుడిచ్చిన పొగ సీసా

సగం జీవితం లిఫ్టులు బాగుచేసిన మనిషికి ముక్కే పెద్ద పనిముట్టు. మోటారు గదిలో అడుగు పెట్టగానే గాలి పీల్చి, తీగచుట్ట మాడిందో, బ్రేకు రాసుకుంటోందో చెప్పేసేవాడు మెకానిక్కు. ఇంట్లోనూ అదే వరస. పాలు అడుగంటకముందే "అడుగంటాయి" అని కేకేసేవాడు. బడి క్యాంటీన్లో వంట చేసి అలిసిపోయి వచ్చే భార్య, "ఆ ముక్కుకి ఒక్కపూట సెలవివ్వండి" అని విసుక్కునేది.

అలాంటి ముక్కు దగ్గరికి వియ్యంకుడిచ్చిన సీసా వచ్చింది.

వియ్యంకుడు బీమా ఆఫీసులో పెద్ద హోదా వెలగబెట్టి ఈమధ్యే రిటైరయ్యాడు. కూతురి పెళ్లయి ఇంకా ఏడాది తిరగలేదు కాబట్టి, ఆయన ముందు మెకానిక్కు కుర్చీ అంచునే కూర్చునేవాడు.

"సింగిల్ మాల్ట్ స్కాచ్, బావగారూ. పొగ వాసన ఉండే రకం. అందరికీ దొరికేది కాదు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం మీ ఇంటికొస్తాను, ఎలా ఉందో చెబుదురుగాని" అని చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి బిరడా తీశాడో లేదో, మెకానిక్కు చెయ్యి దానంతటదే మెయిన్ స్విచ్ మీదికి పోయింది. ఇల్లంతా చీకటైంది.

"కరెంటెందుకు తీశారు?" వంటింట్లోంచి భార్య అరిచింది.

"మోటారు కాలింది!"

"మనింట్లో మోటారెక్కడుంది?"

"సీసాలో ఉంది."

లైట్లు వేసి ఒక గుక్క తాగి చూశాడు. ఆరిన పొయ్యిని నాకి, పైన గాయాల మందు పూసుకున్నట్టుంది.

"పాడైపోయిన సరుకు. పాపం, బావగార్ని ఎవరో ముంచేశారు" అన్నాడు జాలిగా.

"ఆ ముక్క ఆయన దగ్గర అనేరు! పిల్లనిచ్చుకున్నవాళ్లం."

ఇక ఆ వారమంతా పాట్లే. సోడా కలిపాడు, నిమ్మకాయ పిండాడు, చివరికి ముక్కు మూసుకుని మింగాడు. గొంతు మండింది తప్ప ఏమీ తెలియలేదు. నచ్చకపోతే మానె, మెచ్చుకోవడమైనా నేర్చుకోవాలి కదా అని, అద్దం ముందు గడ్డం గీసుకుంటూ "అద్భుతం, బావగారూ" అని సాధన చేశాడు. రెండోసారి "అద్భుతం" దగ్గర గడ్డం తెగింది.

ఆదివారం వియ్యంకుడు రానే వచ్చాడు. గ్లాసు గుండ్రంగా తిప్పి, దూరంగా పట్టుకుని వాసన చూశాడు. "బురదనేలల్లో మట్టిపెళ్లలు తవ్వి, ఎండబెట్టి కాలుస్తారు బావగారూ. ఆ పొగలో బార్లీ మొలకలు ఆరబెడతారు. ఈ వాసన అక్కడిదే."

"అంటే కావాలనే చేస్తారా!" మెకానిక్కు నోరు జారింది. వెంటనే సర్దుకున్నాడు. "అబ్బ, ఎంత శ్రద్ధండీ!"

ఇద్దరూ చప్పరించారు. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. "అద్భుతం" అన్నారొకరు. "అద్భుతం" అన్నారింకొకరు. తర్వాత చాలాసేపు ఎండ గురించి మాట్లాడుకున్నారు.

కాసేపటికి వియ్యంకుడు గ్లాసుతో సహా చేతులు కడుక్కోవడానికి వెళ్లి, ఖాళీ గ్లాసుతో తిరిగొచ్చాడు. ఇదే అదనని మెకానిక్కు కూడా గ్లాసు పట్టుకుని సింకు దగ్గరికి వెళ్లాడు. వంగేసరికి లోపల్నుంచి గుప్పుమని మోటారు వాసన. తనింకా పొయ్యనేలేదే!

తిరిగొచ్చి నెమ్మదిగా అన్నాడు. "బావగారూ, ఏమీ అనుకోకండి. మన సింకుకి ఇది బాగా నచ్చినట్టుంది."

వియ్యంకుడి మొహం ఎర్రబడింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "రిటైరైన రోజు ఆఫీసువాళ్లిచ్చారు బావగారూ! ఒక్క చుక్కతో మందుల బీరువా మొత్తం మింగినట్టయింది. మీరు యంత్రాల మధ్య తిరిగే మనిషి కదా, మీకు పడుతుందేమోనని..."

ఈ గోలంతా విని భార్య వచ్చింది. "ఇద్దరు మగాళ్లని ఏడిపించిందంటే చూడాల్సిందే" అని మొగుడి గ్లాసు లాక్కుని ఒక గుక్క నోట్లో పోసుకుంది. మొహం ఎప్పుడు చిట్లిస్తుందా అని ఇద్దరూ కాచుకుని కూర్చున్నారు. ఆవిడ కళ్లు మూసుకుంది. ఎంతకీ తెరవదు.

"నీళ్లు తెమ్మంటావా?" మెకానిక్కు కంగారుపడ్డాడు.

"ఉండండి." మరో గుక్క తాగి అప్పుడు చెప్పింది. "మా నాన్న కోటు."

ఆవిడ తండ్రి రైలింజన్లో బొగ్గు వేసేవాడు. వానలో తడిసి వచ్చి కోటు తలుపు వెనక తగిలిస్తే, తెల్లారేదాకా గదంతా ఇదే వాసనట.

"ముందు పొగ. తర్వాత కాస్త ఉప్పన, చెమటలాగా. ఆ తర్వాత అడుగున తీపుంది. అక్కడిదాకా మీరెక్కడ ఆగుతారు? కషాయంలా మింగేస్తారు."

వియ్యంకుడు పంతంగా మళ్లీ పోసుకుని, రెండు చుక్కలు నీళ్లు కలిపి, నోట్లో ఉంచుకుని ఆగాడు. "దొరికింది బావగారూ, తీపి దొరికింది!" అని గంతేశాడు. మెకానిక్కు కూడా ఆగాడు. ఎంత ఆగినా ఆయనకి మోటారే దొరికింది.

అప్పట్నుంచి సీసా ఆవిడదైంది. ఆదివారం మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని చిన్న గ్లాసుడు తాగేది. మగాళ్లిద్దరూ ఎదురుగా టీ తాగుతూ, ఆవిడ తండ్రి కబుర్లు చెప్పించుకునేవారు. నవ్వుతూ చెప్పేది. ఒక్కోసారి మధ్యలో ఆగిపోయేది. అప్పుడు మెకానిక్కు ఆవిడ గ్లాసులో ఇంకో చుక్క పోసేవాడు.

సీసా అయిపోయిన వారం వియ్యంకులిద్దరూ కలిసి దుకాణానికి వెళ్లారు. "బాగా పొగ వాసన వచ్చేదే కావాలి" అన్నాడు మెకానిక్కు.

"చాలా ఘాటుగా ఉంటుందండీ. ఎవరికి?"

"మా ఆవిడకి" అన్నాడు మెకానిక్కు.

"మా చెల్లెమ్మకి" అన్నాడు వియ్యంకుడు, అదే క్షణంలో.

దుకాణదారు ఇద్దరి వంకా మార్చి మార్చి చూసి, రెండు సీసాలు బల్ల మీద పెట్టాడు. వియ్యంకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరిలో ఎవరూ కాదనలేదు.