కింది గీత

కర్ర వంకర చూసేటప్పుడు వడ్రంగి ఒక కన్ను మూస్తాడు. మెట్ల మేస్త్రి ఎడమ కన్ను మూసేవాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేస్తాడని దుకాణంలో అతనికి 'ఒంటికన్ను' అని పేరు పెట్టారు. ఆ పేరంటే అతనికి ఇష్టం. అందులో దాక్కోవచ్చు.

పదకొండేళ్ల కిందట దూలం జారి ఎడమ చెంప మీద పడింది. కంటిగూటి అడుగు ఎముక పగిలితే, ఆపరేషన్ చేసి అక్కడ పలచని రేకు పెట్టారు. కోలుకోవడానికి పట్టిన ఆరు నెలలూ దుకాణం యజమాని, అంటే అతని భార్య తమ్ముడు, మెట్ల పని వేరేవాళ్లకిచ్చాడు. అప్పుడు ఒక మూల కూర్చుని ఉప్పు కాగితంతో బల్లలు రుద్దిన సంగతి మేస్త్రి మరిచిపోలేదు.

అందుకే నాలుగేళ్ల కిందట, తలెత్తి చూస్తే కర్ర మీది పెన్సిల్ గీత రెండుగా కనిపించడం మొదలైనా ఎవరికీ చెప్పలేదు. రెండిట్లో కిందిది నిజం, పైది దొంగది. కన్ను మూసి చూసి తేల్చుకున్నాడు. కన్ను మూసి మూసి అలిసిపోయినప్పుడు, కింది గీత మీదే రంపం పెట్టేవాడు. ఎప్పుడూ తప్పలేదు.

"బావా, కర్ర చూసేటప్పుడు కన్ను మూస్తావు, సరే. టీ గ్లాసు కూడా వంకరగా ఉందా ఏంటి?" అని బావమరిది ఒకసారి అడిగాడు.

"నీ మొహం ఒకటి చూడ్డమే ఎక్కువ, రెండెందుకురా?" అన్నాడు మేస్త్రి. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

ఈ ఏడాది ఎడమ కంటి కింది రెప్ప వాచింది. దుమ్ము పడిందనుకున్నాడు. వాపు మీద కన్ను బిగించి మూస్తే ప్రాణం పోతున్నట్టుండేది. ఒక డాక్టరు గారి కొత్త ఇంట్లో పై అంతస్తుకు మెట్లు బిగిస్తున్నప్పుడు, రెండు కళ్లూ తెరిచే కింది గీత మీదే పై మూడు మెట్లకూ గాళ్లు కోశాడు. మూడూ బొటనవేలు మందం కిందికి దిగాయి. ఇల్లుగలావిడ సామాను మోస్తూ తట్టుకుని గోడ పట్టుకుంది. ఆవిడ మెట్ల కేసి చూడలేదు, మేస్త్రి మొహంలోకి చూసింది.

"మీ ఎడమ కన్ను కుడిదానికంటే పైకుంది. ఎవరూ చెప్పలేదా?"

ఆవిడే ఆ డాక్టరు, అదీ కళ్ల డాక్టరు. మర్నాడు స్కాన్ చూపించింది. పాత రేకు ముందుకు జారింది. దాని చుట్టూ చీము పట్టి కనుగుడ్డును పైకి నెడుతోంది. దాంతో దొంగ గీత కిందికొచ్చింది, నిజమైన గీత పైకి పోయింది.

"ఎన్నాళ్ల నుంచి రెండుగా కనిపిస్తోంది?"

"పది రోజులైందండీ."

"నాలుగేళ్లండీ," అంది పక్కనున్న భార్య. "మెట్లెక్కేటప్పుడు పక్క కమ్మీ పట్టుకోబోయి గాలిని పట్టుకుంటారు."

"మరి నువ్వెందుకు చెప్పలేదే?" అన్నాడతను.

"మీరు చెప్పనిచ్చారా?"

డాక్టరు గొంతు పెంచలేదు. "రేకు తీసేస్తాను, చీము పోతుంది. కానీ కంటి కింది కండ మచ్చలో ఇరుక్కుని బిగిసిపోయింది, కన్ను పైకి తిరగనివ్వదు. మొదట్లోనే వచ్చుంటే విడిపించే వీలుండేదేమో. ఇప్పుడు తలెత్తితే రెండుగానే కనిపిస్తుంది."

ఆపరేషనయింది. వాపు పోయింది. రెండు నెలల తర్వాత దుకాణానికి వెళ్లేసరికి మెట్ల బల్ల దగ్గర కొత్త మేస్త్రి ఉన్నాడు. బావమరిది ఒక చెక్క పలక మీద పెన్సిల్‌తో అడ్డంగా గీత గీసి, తలకంటే ఎత్తుగా పట్టుకున్నాడు.

"ఎన్ని బావా?"

"ఒకటే."

"కన్ను తెరిచి చెప్పు."

పనివాళ్లు రంపాలు ఆపి చూస్తున్నారు. కన్ను మూసినట్టు మేస్త్రికే తెలియదు. తెరిచాడు. పైన ఒకటి, కింద ఒకటి. ఏదో ఒక అంకె చెప్పడానికి నోరు తెరిచి, తల దించుకున్నాడు.

బావమరిది పలక దించాడు. "లోపల రుద్దాల్సిన బల్లలు ఆరున్నాయి," అన్నాడు, ఎటో చూస్తూ.

మేస్త్రి అలమర దగ్గరికెళ్లి ఉప్పు కాగితం తీసుకున్నాడు. గరుకెంతో చూడ్డానికి కళ్లక్కర్లేదు. బొటనవేలితో రాసి చూసి, మూల బల్ల దగ్గర కూర్చున్నాడు.