కుప్ప వేడికి అలవాటు పడ్డ గంట

ఇది నా బిడ్డ చేత రాయించడం లేదు. తన తప్పు కనబడిన చోటల్లా కొట్టేస్తుంది. నేను చెబుతుంటే పక్కింటి కోడలు రాస్తోంది.

ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లులో పత్తి గంపలు మోస్తాను. మా ఆయన కూడా అక్కడే చేసి, దగ్గుతో పోయాడు. బిడ్డ కరీంనగర్‌లో కంప్యూటర్ పని చేస్తుంది. పోయిన పత్తి కాలంలో మా మిల్లుకే ఒక ఏర్పాటు చేసింది. తడి పత్తి కుప్పలో తనంతట తానే వేడెక్కుతుంది, వదిలేస్తే అంటుకుంటుంది. అందుకని కుప్పల్లో వేడి కొలిచే కడ్డీలు గుచ్చింది. వేడి ఎక్కువైతే గంట మోగాలి. మొదట్లో అది ఊరికే మోగేది, మిల్లు సేటు విసుక్కునేవాడు. అప్పుడు, ఏ రోజు వేడిని బట్టి ఆ రోజు ఎంతకు మోగాలో అదే మార్చుకునేలా దిద్దింది. గంట నోరు మూసింది. అందరికీ సంతోషం.

ఒకరోజు గంప నింపుతూ మోచేయి దాకా చెయ్యి పెట్టాను. చుర్రుమంది. గంట మోగలేదు. బిడ్డకు ఫోన్ చేశాను.

"నాకిక్కడ కనవడ్తుంది అవ్వా. రోజింత పెరిగింది, గంతే. అది నేర్చుకుంటది. ఫికర్ జెయ్యకు."

"నేర్చుకునుడు గాదు బిడ్డా, గది అలవాటు పడుడు. మీ బాపు దగ్గు గూడ రోజింత పెరిగింది. ఏం గాదు, అలవాటైంది అన్నడు. మనం గూడ అలవాటు పడ్డం. ఏమైంది?"

అనకూడనిది అన్నాను. కానీ ఆ కుప్ప పక్కన పదిమంది ఆడవాళ్లం ఉన్నాం. అందరం కలిసి కుప్ప లాగేశాం. లోపల పత్తి మాడిన రొట్టె రంగులో ఉంది.

మర్నాడు బిడ్డ బస్సు దిగింది. ఎంత నేర్చుకున్నా ఇంత వేడి దాటితే మోగాల్సిందేనని గంటకు ఒక గీత పెట్టింది. మళ్లీ మోత మొదలైంది.

"నీ బిడ్డ గంటతోని పరేషానైతుంది. ఇంకోపారి మోగితే పీకి పారేస్త" అన్నాడు సేటు.

"పీకుర్రి సేటూ. గప్పుడు కుప్ప మీద మీరే కూసోర్రి" అన్నాను.

ఆడవాళ్లు నవ్వారు. సేటు నవ్వలేదు. ఇంకా పీకలేదు.

బిడ్డ రోజూ అడుగుతుంది, "గీత ఇంకింత కిందికి జరపాల్నా అవ్వా?" అని. నేను కుప్పలో చెయ్యి పెట్టి చెబుతాను. కానీ ఈ చెయ్యి ఎన్ని ఏళ్లుగా పత్తి వేడిలో నానిందో నాకు తెలుసు. అందుకే ఈమధ్య, కొత్తగా పనిలో చేరినామెను పిలిచి, ముందు ఆమె చేత చెయ్యి పెట్టిస్తున్నాను.