మామ వినని ఒక్క లైను

మా మామ పోయినారు. పోయిన నెల ఒక బుధవారం పొద్దున నేను ఇడ్లీ కుండలో నీళ్లు పోస్తా ఉంటే వేలూరు ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసినాడు. "నాయన లేడు" అని ఒక్క మాట చెప్పినాడు. ఇద్దరమూ ఫోన్ పెట్టలేదు.

నా చేతిరాత వంకర. ఒత్తులూ దీర్ఘాలూ తప్పుతాయి. మన్నించండి. పరదరామి దాటి ఆంధ్రా వైపున్న మా ఊళ్లో ఆరో తరగతి దాకా తెలుగు బడికి పోయినాను, అంతే. తమిళనాడు గుడియాత్తంలో మా అత్తవారింట్లో అందరూ తెలుగు మాట్లాడతారు గాని చదవడం, రాయడం ఎవరికీ రాదు. మా ఆయనే అన్నాడు: "నాయన గురించి ఎక్కడెక్కడి వాళ్లో ఇంగ్లీషులో రాస్తా ఉండారు. తన పని గురించి ఆయన తెలుగులో మాట్లాడిందంతా నీతోనే కదా. నువ్వొకటి రాయి." రాసినా మా ఆయన దీన్ని చదవలేడు. ఆ ధైర్యంతోనే మొదలుపెట్టినాను.

మా వాళ్లది ఇళ్లు కట్టే పని. మా ఆయన వేలూరులో సెంట్రింగ్ పనులు చూస్తాడు. మామ ఒక్కరే చదువుకుని బెంగుళూరులో కంప్యూటరు పని చేసినారు. షుగరు కళ్లకు పట్టి చూపు మసకబారినాక ఇంటికొచ్చేసినారు. అత్త నా పెళ్లికి ముందే కాలం చేసింది. పగలంతా ఇంట్లో మామా నేనూ.

ఇంటికొచ్చినా ఆయన పని మానలేదు. జీతం లేని పని. అదేమిటో నాకు ఇట్లా చెప్పినారు: "కంప్యూటరుకు ఇంటర్నెట్టు తంతి తగిలించే కార్డు ఒకటుంటుందమ్మా. దాని మాట కంప్యూటరుకు తెలీదు, కంప్యూటరు మాట దానికి తెలీదు. నువ్వు సిమెంటు దించేటోళ్లతో అరవంలో, నాతో తెలుగులో మాట్లాడి నడిపిస్తావే, అట్లా మధ్యలో నిలబడి చెప్పేదాన్ని డ్రైవరు అంటారు. ప్రపంచంలో ఎవరెవరో దాన్ని మారుస్తా ఉంటారు. మార్చింది సరిగా ఉండాదా అని చూసి, చూసినానని కింద నా పేరు రాయాల. అదే నా పని."

చూపు లేకుండా చూడడం ఎట్లా? కంప్యూటరే చదివి వినిపిస్తుంది గాని ఆ గొంతు ఆయనకు పడేది కాదు. "అది యాడా ఆగదమ్మా. నువ్వు చదివితే అనుమానం వచ్చిన చోట ఆగుతావు. నువ్వు ఆగితే నేను ఆలోచిస్తా" అనేవారు. నాకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, మాటలు రావు. పొద్దున వంట కాగానే ఆయన పక్కన పీట వేసుకుని, ఒక్కో అక్షరం పలికేదాన్ని. అక్షరాలు కలిపి మాట ఏమిటో ఆయనే చెప్పేవారు. వంకర తిరిగిన బ్రాకెట్టు పేరు తెలియక మొదటి రోజు "మీసం, మామా" అన్నాను.

"యా పక్క మీసం?"

"ఎడమ పక్క."

భుజాలు ఊగేలా నవ్వినారు. అప్పటి నుంచి ఆయన కూడా "మీసం తెరిచినారు సరే, మూసినారా చూడు" అనేవారు. మా ఆయన అన్నానికి వచ్చినప్పుడు ఈ మాటలు విని, "ఏమి నాయనా, మీసాల లెక్క ఇంకా తేలలేదా?" అని ఎగతాళి చేసేవాడు. "నీ సెంట్రింగు చెక్కల లెక్క తేలిందా, పోరా" అనేవారు మామ.

నాకు సిగ్గెక్కువ. ఎదురు మాట్లాడడం రాదు. ఆయన దాన్ని పట్టించుకోనట్టే ఉండి, నా చేత రోజుకు వెయ్యి అక్షరాలు గట్టిగా పలికించినారు. వీధిలో మగ్గాల చప్పుడు మీద వినపడాలంటే గట్టిగా పలకాల్సిందే.

పోయిన ఏడు ఒక పెద్ద మార్పు వచ్చింది. పాత కార్డుకు ఒక డ్రైవరు, కొత్త కార్డుకు ఇంకొకటి ఉన్నాయి. రెండిట్లోనూ ఒక భాగం ఒకే మాదిరి ఉందని, దాన్ని ఒక్కచోట పెట్టి రెండూ వాడుకునేలా ఎవరో మార్చి పంపినారు. ఇట్లాంటివంటే మామకు జాగ్రత్త ఎక్కువ. "ఇది ఉమ్మడి గోడమ్మా. మన పక్క మేకు కొడితే పక్కింట్లో పెచ్చు రాలుతుంది" అన్నారు. ఒకటిగా కనపడేవి నిజంగా ఒకటేనా అని తేల్చాలి. పాతది ఒకసారి, కొత్తది ఒకసారి చదివినాను.

పాతదాంట్లో ఒక లైను వెంటనే మళ్లీ అదే లైను ఉంది. అక్షరం తేడా లేదు. పొరపాటున రెండుసార్లు కొట్టినారనుకున్నాను. కుక్కర్ కూత వేస్తా ఉంది. ఒకసారి చదివి, రెండోది వదిలేసినాను. ఆగనైనా ఆగలేదు.

"రెండూ ఒకటేనా?"

"ఒకటే మామా."

చూసినానని కింద తన పేరు రాయించినారు.

కొన్ని వారాలకు ఒక ఉత్తరం వచ్చింది. ఏదో దూరదేశంలో బడి పంతులు. వాళ్ల దగ్గరున్నవన్నీ పాత కార్డులే. తంతి ఊడదీసి మళ్లీ పెట్టినా, తంతి లేదనే చెబుతున్నాయట. కంప్యూటర్లు పనికిరాక పిల్లలు ఊరికే కూర్చున్నారట. మామ రెండు రోజులు ఆలోచించినారు, దొరకలేదు. మూడో రోజు కాఫీ ముట్టకుండా అన్నారు: "కళ్లు పోయినాయి, చెవులుండాయి కదా అనుకుంటి. విన్నది కూడా బుర్రలో నిలవడం లేదు. ఇంక చూసేవాళ్లలో నుంచి నా పేరు తీసేయమని రాద్దాం. కొట్టమ్మా."

ఆ రెండు రోజులూ నేను వదిలేసిన లైను కళ్లముందే ఉండింది. చెబితే ఇంకెప్పుడూ నా చేత చదివించరేమో. చెప్పకపోతే ఆయనకు మిగిలిన ఒక్క పనీ పోతుంది. ఆయన అక్షరాలు చెబుతా ఉండారు, నేను కొడతా ఉన్నాను. సగంలో నా వేళ్లు ఆగిపోయినాయి.

"ఎందుకమ్మా ఆగినావు?"

"మామా, నేనొక లైను వదిలేసినాను."

"యా లైను?"

చెప్పినాను. ఒకే లైను రెండుసార్లు ఉండిందని, తప్పనుకున్నానని. ఏడుపు ఆగలేదు. ఆయన మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు అన్నారు: "తంతి ఉండాదా అని మొదటిసారి అడిగితే ఆ పాత కార్డు పాత సంగతి చెబుతాది. తంతి ఎప్పుడో ఊడింది కదా, ఆ సంగతి. రెండోసారి అడిగితేనే ఇప్పటి సంగతి చెబుతాది. అందుకే రెండు. బెంగుళూరులో ఆ లైను రాసింది నేనే."

"నేను చదివుంటే మీకు గుర్తొచ్చేది మామా."

"వచ్చేది. ఎందుకు రెండుసార్లని పైన నేనొక మాట రాసుంటే నువ్వు దాటినా ఇంకొకడు దాటడు. నువ్వు వదిలింది ఒక లైను, నేను వదిలింది ఒక మాట. ఏడ్చింది చాలు. సగం కొట్టిన ఆ ఉత్తరం చెరిపేయి."

నా మీద కోపం లేదని కాదు. ఆ పూట అన్నం తినేటప్పుడు పలకలేదు. సాయంత్రం మాత్రం పిలిచి లైను తిరిగి పెట్టించినారు. ఎందుకో పైన రాయించినారు. తాను సరిగా చూడకుండా ఒప్పుకున్నానని కింద రాయించినారు. చివర, తప్పు పట్టిచ్చినవాళ్ల పేరు రాసే వాడుక ఉందట. ఒక్కో అక్షరం చెబుతా ఉంటే కొట్టినాను. నాలుగో అక్షరం దగ్గర అది నా పేరని తెలిసింది.

"వద్దు మామా! తప్పు చేసింది నేను, పట్టిచ్చింది అంటే ఎట్లా?"

"చెప్పింది నువ్వే కదా. పంపేయి."

"మళ్లీ తీసేయొచ్చా?"

"తీసేకి కాదు. ఉండనీ, అది నిన్నేమి కరుస్తుందా?"

వారానికి ఆ పంతులు మళ్లీ రాసినాడు. అన్నీ పని చేస్తున్నాయట. మామ నా చేత ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నారు.

మరుసటి రోజు పొద్దున నేను పీట వేసుకోలేదు. వంటింట్లోనే ఉన్నాను. "ఏమ్మా, ఈరోజు చదివేది లేదా?" అని ఆయనే కేక వేసినారు. ఆయనకు నేను ఎంత రుణపడి ఉన్నానో రాయడం నాకు చేతకాదు.

ఇది చదివినవాళ్లు దయచేసి కాల్చేయండి. నా పేరు ఒకచోట ఉండిపోయింది, అదే చాలు. నా ఏడుపు కూడా ఎక్కడో ఉండిపోతే నాకు సిగ్గు.

ఆ లైను సంగతి జరిగినాక మామ ఒక కొత్త అలవాటు చేసుకున్నారు. నేను ఒక లైను పూర్తి చేస్తే కుర్చీ చేతి మీద వేలితో ఒకసారి తట్టేవారు. ఆ తట్టు వినిపించాకే తర్వాతి లైను. జబ్బు ముదిరి వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయిన రోజు కారు కిటికీలో నుంచి అడిగినారు: "ఇప్పుడొచ్చిన మార్పు యాడిదాకా చదివినామమ్మా?"

"సగం దాకా మామా."

"సరే."

కారు కదిలింది. కిటికీ బయట ఆయన చెయ్యి ఉంది. వీధి మలుపు తిరిగేదాకా ఒక వేలు కారు తలుపు మీద తడుతూనే ఉంది, ఆగి ఆగి, ఒక్కొక్క తట్టుగా.