గుండెకు కట్టిన బాసింగం

2023 ఎండాకాలం. సూరత్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి కాథ్‌ల్యాబ్‌లో నేను నర్సుని. సన్నని గొట్టాన్ని రక్తనాళంలోంచి గుండె దాకా పంపి చూసే గదిని కాథ్‌ల్యాబ్ అంటారు. ఒక మధ్యాహ్నం ఊళ్ళోనే ఉన్న వడోద్ బస్తీ నుంచి, మా తెలంగాణ నుంచే వలసొచ్చిన నర్సయ్య అనే మగ్గం కార్మికుణ్ణి అతని భార్య ఆటోలో తీసుకొచ్చింది. ఎడమ భుజానికి చీర పీలిక బిగించి కట్టి ఉంది, ఒళ్ళంతా బామ్ వాసన. ఈసీజీ చూసిన డాక్టరు దిగ్గున లేచాడు. గుండెపోటు!

"నొప్పి ఎప్పటి సంది కాకా?"

"పొద్దటి సంది బిడ్డా. పోగులు చుట్టిన బీమ్ ఎత్తిన భుజం గదా, గుంజుతది. కట్టు గట్టి షిఫ్ట్ ఎల్లదీసిన."

గుండెపోటుతో షిఫ్టా!

మణికట్టు నుంచి గొట్టం వేస్తామనగానే చెయ్యి లాక్కున్నాడు. "కుడిచెయ్యి ముట్టకుండ్రి! తెగిన పోగు ముడేసేది గీ చేత్తోనే. భుజం నొస్తే గుండెల గొట్టమేంది?"

ఓరి దేవుడా, ప్రాణం పోతుంటే వేళ్ళ బెంగా! ఒప్పుకోకపోతే మా కళ్ళ ముందే పోయేలా ఉన్నాడు.

డాక్టరు "కరోనరీ బ్లాక్" అన్న మాట పట్టుకొని అతని భార్య అడిగింది: "కరోనరీ అంటే ఏంది బిడ్డా?"

"లాటిన్‌ల కరోనా అంటే కిరీటం చిన్నమ్మా. నెత్తి చుట్టూ కిరీటం లెక్క గుండె చుట్టూ ఉంటయని ఆ నెత్తురు నరాలకు గా పేరు. గుండెకు తిండి పెట్టేది అవే. ఒకటి మూసుకపోయింది."

"బాసింగం లెక్కనా?" అంటూ ఆమె మొగుడి వైపు తిరిగింది. "ఇన్నవా? మన లగ్గంల నీ బాసింగం జారితేనే మీ అవ్వ శోకం వెట్టింది. గిప్పుడు గుండెదే జారవట్టె! పండు సప్పుడు చేయక!"

తొడ నుంచి కూడా వేయొచ్చని నేను చెబితే అతను దిగొచ్చాడు. "గట్లైతే తొడకాడి నుంచి పెట్టుండ్రి. చెయ్యి మాత్రం వద్దు."

బల్ల మీద పడుకోబెట్టామో లేదో మానిటర్‌లో గీత పిచ్చిగా గిలగిల్లాడింది. గుండె ఆగింది. నేను రొమ్ము మీద అదుముతున్నాను, డాక్టరు కరెంటు షాకిచ్చాడు. గుండె తిరిగి కొట్టుకుంది. తర్వాత మూసుకుపోయిన నాళం తెరిచి స్టెంట్ అనే చిన్న జాలీగొట్టం వేశాడు.

స్పృహ వచ్చాక నర్సయ్య ముందు కుడిచేతి వేళ్ళు ఆడించి చూసుకున్నాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"భుజం నొప్పి మొత్తం పోయింది బిడ్డా. ఏం మలాం రాసిండ్రు?"

అది భుజానిది కాదు, గుండె నొప్పే భుజానికి పాకిందని చెప్పాను. అప్పటి నుంచి మగ్గం మనిషి ఎవరైనా భుజం పట్టుకొని వస్తే, కట్టు సంగతి తర్వాత, ముందు ఈసీజీ తీస్తాను. "భుజం నొస్తే రొమ్ముకు తీగలేంది" అని తిట్టుకుంటారు. తిట్టుకోనీ, బతికుంటేనే కదా తిట్టేది.